సిలువ పండుగనాడు ఏడు క్యూబుల కాంక్రీటు

మే మూడో తారీఖున కాంక్రీటు తెప్పించుకునే మనిషి మా పుయెబ్లా ఊరు మొత్తానికి ఒక్కడే ఉంటాడు. ఆ ఒక్కడూ నా వంతుకే వచ్చాడు. నా జాతకమే అంత.

మే మూడంటే పవిత్ర సిలువ పండుగ, తాపీవాళ్ళ పండుగ. కట్టుబడిలో ఉన్న ప్రతి ఇంటి మీదా ఆ రోజు రంగుకాగితాలు చుట్టిన కొయ్య సిలువ నిలబెడతారు. తారాజువ్వలు వదులుతారు. ఇంటి యజమాని తన చేత్తో తాపీవాళ్ళకు వడ్డించి కడుపునిండా తినిపించాలి. ఆ రోజు పార ముట్టుకున్న తాపీవాడికి ఏడాదంతా గోడ వంకరే వస్తుందంటారు. ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. ఇంటికి స్లాబు వేసిన రోజునా యజమాని ఇలాగే విందు పెట్టాలి. ఈ రెండు విందుల్లో ఏది ఎగ్గొట్టినా ఆ ఇంట్లో వాళ్ళకు మనశ్శాంతి ఉండదు, తాపీవాళ్ళు ఉండనివ్వరు.

కొత్తిల్లు కట్టించుకుంటున్న దోన్ అబుందియోకి సరిగ్గా ఇక్కడే బుర్ర పనిచేసింది. దోన్ అంటే మా దగ్గర గారు అన్నట్టు. ఆయనకు బజారులో మందుల షాపు ఉంది. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. సిలువ పండుగకు ఎలాగూ పందిని కొయ్యాలి కదా, స్లాబు కూడా ఆ రోజే వేయించేస్తే రెండో పంది మిగులుతుంది కదా అనుకున్నాడు. మేస్త్రికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. పండుగ భోజనానికి రమ్మని పిలిచి, గుట్టుగా మా కంపెనీకి కాంక్రీటు ఆర్డరు పెట్టాడు.

మా సియెర్రా సిమెంటు కంపెనీ చిన్నదేం కాదు. ముప్పై దేశాల్లో సిమెంటూ కంకరా ఇటుకలూ అమ్ముతుంది. ఆర్డర్లు తీసుకునేది మనుషులు కాదు, ఏ దేశంలోనో కూర్చున్న కంప్యూటరు. దానికి సిలువా తెలియదు, పందీ తెలియదు. సరే అనేసింది. మా ప్లాంటులో లారీలు పంపే దోన్ గౌదెన్సియోకి మాత్రం రెండూ బాగా తెలుసు. ఆర్డరు చీటీ చూసి మీసంలో నవ్వుకుని దాన్ని నాకిచ్చాడు.

ఎందుకిచ్చాడో చెప్పాలి. నేను ఎల్విరాని. ప్లాంటులో ముప్పై ఎనిమిది మంది డ్రైవర్లలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. అప్పటికి తొమ్మిది నెలలుగా నలభై ఏడో నంబరు మిక్సర్ లారీ నడుపుతున్నాను, అదీ తాత్కాలికంగా. పండుగ మంగళవారం వచ్చింది, పర్మనెంటు కాగితం మీద సంతకాలు ఆ శుక్రవారం పొద్దున ఎనిమిదింటికే. జనవరిలో కొండదారిలో రాళ్ళు పడి ఒక లోడు వెనక్కి తెచ్చాను. డ్రమ్ములోనే గట్టిపడిపోయింది. నేనే లోపలికి దూరి రెండు రోజులు సుత్తితో కొట్టాను. ఇంకొక్క లోడు దించకుండా తెస్తే లారీ తాళం బల్ల మీద పెట్టి పొమ్మని గౌదెన్సియో అప్పుడే చెప్పాడు. నలభై ఏడు మీద ఆయన బావమరిదికి కన్నుంది.

నాకా లారీ అంటే ప్రాణం. ఇందులో దాచుకోవడానికేం లేదు.

కాంక్రీటు డ్రమ్ములో పడ్డాక గంటన్నరలో దించెయ్యాలి. తొమ్మిదింబావుకు ఏడు క్యూబులు, అంటే ఏడు ఘనమీటర్లు, నింపుకుని బయల్దేరి పదింటికల్లా కొండ మీది ఆ ఇంటికి చేరాను. ఇల్లు రోడ్డుకు దిగువన, వాలులో ఉంది. అందుకని రోడ్డూ ఇంటికప్పూ ఒకే మట్టంలో ఉంటాయి. సెంట్రింగు పలకల మీద ఇనుము కట్టి సిద్ధంగా ఉంది. అంచున గులాబీ, పసుపు కాగితాలు చుట్టిన సిలువ నిలబడి ఉంది. రోడ్డు పక్క ఖాళీ స్థలంలో టెంటు కింద తొమ్మిది మంది తాపీవాళ్ళు ఉతికిన చొక్కాలు వేసుకుని, తలలకు నూనె రాసుకుని, పెళ్ళికొచ్చినట్టు కూర్చున్నారు. పంది మాంసం వేపుడు వాసన లారీలోదాకా వచ్చింది.

మేస్త్రి ఫిదెన్సియోకి డెబ్బై దాటుంటాయి. నా లారీని చూసి చేతిలో తోర్తియా రొట్టె కిందపెట్టాడు.

"ఏంటమ్మా, దారి తప్పావా?"

"లేదు మేస్త్రిగారూ. ఏడు క్యూబులు. దోన్ అబుందియో గారికి."

తొమ్మిది తలలు ఒక్కసారి యజమాని వైపు తిరిగాయి. దోన్ అబుందియో మాంసం పళ్ళెం పట్టుకుని మధ్యలో నిలబడి ఉన్నాడు.

"అదీ... ఎలాగూ అందరూ వచ్చారు కదా అని," అన్నాడు.

"ఎలాగూ వచ్చాం కదా అని?"

"తిన్నాక కాస్త ఒళ్ళు కదిలిస్తే అరుగుతుంది కూడా, మేస్త్రీ. నేను మందుల షాపువాణ్ణి, నా మాట నమ్ము."

పొట్టి కానూతో అనే తాపీవాడు పకపకా నవ్వాడు. "ఒక పందికి రెండు పండగలు చేద్దామనుకున్నారా, అయ్యగారూ. మీ మామగారు మీకు పిల్లనిచ్చేటప్పుడు కూడా ఇలాగే ఏదన్నా కలిపేశారా?"

"నోరు అదుపులో పెట్టుకో కానూతో," అన్నాడు మేస్త్రి. తర్వాత యజమానితో చాలా మర్యాదగా, "దోన్ అబుందియో, ఈ రోజు మేం పార ముట్టం. మా నాన్న ముట్టలేదు, ఆయన నాన్న ముట్టలేదు. రేపు పొద్దున ఆరింటికొస్తాం. ఆ పచ్చి మిరపకాయ పచ్చడి ఇటు పంపించండి," అన్నాడు.

"రేపటిదాకా ఇది ఆగదండీ," అన్నాను నేను.

"అది కాంక్రీటుకి చెప్పు తల్లీ. పండగ మేం పెట్టింది కాదు."

అరగంట గడిచింది. దోన్ అబుందియో బతిమాలాడు, కోప్పడ్డాడు, దేవుడు కష్టపడేవాళ్ళకే తోడుంటాడని ప్రసంగం చేశాడు. వాళ్ళు వింటూ శుభ్రంగా తిన్నారు. నా వెనకాల డ్రమ్ము గరగరా తిరుగుతూనే ఉంది. ఫోను మోగింది.

"నలభై ఏడూ, ఇంకా దించలేదేం?" గౌదెన్సియో గొంతు వెన్నలా ఉంది.

"తాపీవాళ్ళు భోంచేస్తున్నారు."

"అయ్యో పాపం. పండగ కదా మరి. తీసుకొచ్చెయ్ తల్లీ, వెనక్కి తీసుకొచ్చెయ్. మా బావమరిది ఇక్కడే ఉన్నాడు, కడగడానికి సాయం చేస్తాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోను కట్టేసి నేరుగా వంటింట్లోకి నడిచాను. దోన్ అబుందియో భార్య దోన్యా సోలెదాద్ పెద్ద జాడీలో ఎర్ర గోంగూర పూల పానకం చేస్తోంది. పక్కన అయిదు కిలోల పంచదార సంచి అప్పుడే విప్పి ఉంది.

"అమ్మా, ఆ పంచదార నాకు కావాలి."

"టీలోకా?"

"కాంక్రీటుకి."

పంచదార పడితే కాంక్రీటు పేచీ పెట్టకుండా గంటల తరబడి మెత్తగా ఉంటుంది. ఈ సంగతి డ్రైవర్లందరికీ తెలుసు, అందరూ తెలియనట్టు నటిస్తారు. ఎందుకంటే డ్రమ్ములో నీళ్ళు తప్ప ఏం వేసినా అదే రోజు ఉద్యోగం ఊడుతుంది. తప్పించుకునే దారి ఒక్కటే ఉంది. సైటు మేస్త్రి లోడు చీటీ మీద, సంగతి తెలిసే తీసుకున్నాను, స్లాబుకు నాదే పూచీ అని తన చేత్తో రాసివ్వాలి. ఏ మేస్త్రీ ఒప్పుకోడు. అది తర్వాత చూసుకుందాం అనుకున్నాను.

దోన్యా సోలెదాద్ నా మొహం చూసింది, కిటికీలోంచి మొగుడి మొహం చూసింది. సంచి ఎత్తి నా చేతుల్లో పెట్టింది. "నలభై రెండేళ్ళ నుంచీ ఈయన పొదుపుతో కాపురం చేస్తున్నాను. పోయమ్మా, అంతా పోసెయ్," అంది.

క్యూబుకి ఒక గుప్పెడు వెయ్యాలని పాత డ్రైవర్లు చెప్తారు. నేను నిచ్చెనెక్కి అలాగే గుప్పెళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నాలుగో గుప్పెడు దగ్గర ఎవరో వదిలిన తారాజువ్వ నెత్తిమీద పేలింది. ఉలిక్కిపడ్డాను. సంచి మొత్తం డ్రమ్ములోకి పోయింది.

ఏమీ ఎరగనట్టు కిందికి దిగాను.

ఇప్పుడు టైము చిక్కింది గానీ చేతులు చిక్కలేదు. టెంటు కింద పుల్కే కల్లు ముంతలు తిరుగుతున్నాయి. నేను వెళ్ళి మేస్త్రి ముందు నిలబడ్డాను.

"మేస్త్రిగారూ, ఈ రోజు మీరు పార ముట్టకూడదు. ఒప్పుకుంటాను. యజమాని ముట్టకూడదని ఎక్కడన్నా ఉందా?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. "యజమాని వడ్డించాలని ఉంది. ఏం వడ్డించాలో ఎవరూ అడగలేదు."

"అయితే వడ్డించమనండి."

దోన్యా సోలెదాద్ అప్పటికే తన వంటింటి గుడ్డ తెచ్చి మొగుడి నడుముకు చుట్టేసింది. "రెండు పండగలూ కలిపింది మీరేగా. రెండో వడ్డన కూడా మీరే చెయ్యండి," అంది. పళ్ళ డాక్టరు అల్లుణ్ణి కూడా లాక్కొచ్చింది. అతను తెల్ల బూట్లు వేసుకుని ఉన్నాడు. అంతకంటే అతని గురించి చెప్పేదేం లేదు.

నేను లారీ వెనక్కి పెట్టి, జారుడు రేకు స్లాబు అంచుకు ఆనించి, కాంక్రీటు నెమ్మదిగా వదిలాను. మామా అల్లుళ్ళు చెరో పార పట్టుకుని దిగారు. తాపీవాళ్ళు కుర్చీలు ఇటు తిప్పుకున్నారు. జన్మలో ఎవరూ వాళ్ళ కోసం ఇంత మంచి ఆట ఆడి ఉండరు.

"అయ్యగారూ, అది పార. గరిటె కాదు."

"డాక్టరుగారూ, లాగడం కాదు, నెట్టాలి. అదేం పన్నా?"

"చూడు, చూడు, బూటు దిగబడింది. ఉంచెయ్యండి సార్, ఇనుము తగ్గిన చోట పనికొస్తుంది."

"మేస్త్రీ, వీళ్ళకి రేపట్నించి కూలి ఎంతిద్దాం?"

"భోజనం పెడదాం," అన్నాడు కానూతో. "ఒకేపూట."

నేను కూడా స్టీరింగు మీద తలపెట్టి నవ్వాను, అబద్ధమెందుకు. ఫిదెన్సియో ఒక్కడే నవ్వలేదు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, మాంసం ముక్క నోటిదాకా తెచ్చి, కాంక్రీటు ఎటు పారుతుందో చూస్తూ ఉండిపోయాడు. మామా అల్లుళ్ళు దాన్ని సర్దడం చేతకాక మధ్యలో కుప్ప పోస్తున్నారు. ఆ కుప్ప మోకాలెత్తుకు వచ్చింది. స్లాబు కింద సెంట్రింగు కర్ర ఒకటి కిర్రుమంది.

టెంటు కింద నమలడం ఆగిపోయింది. నేను వెంటనే డ్రమ్ము ఆపేశాను.

మేస్త్రి పళ్ళెం కిందపెట్టి లేచాడు. సిలువ దగ్గరికి నడిచి, తన టోపీ తీసి దాని తలకు తగిలించాడు. పెద్ద గడ్డి టోపీ అది, సగం సిలువ కనబడకుండా పోయింది.

"సామీ, ఒక గంటసేపు ఇటు చూడకు," అన్నాడు. "పాపం నాది. స్లాబు ఈ పిచ్చాళ్ళది."

తర్వాత చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ ఇటు తిరిగాడు. "కూర్చుని చూస్తారేంట్రా? లెగండి. కానూతో, కిందకెళ్ళి ఆ కర్రకి ఇంకోటి తోడు పెట్టు. అయ్యగారూ, మీరు కాస్త పక్కకి జరిగితే పుణ్యముంటుంది."

తొమ్మిది ఉతికిన చొక్కాలూ కాంక్రీటులోకి దిగాయి. ఆ పని చూసి తీరాలి. పారలు, గమేళాలు, మట్టంకర్ర, ఒకడి చేయి ఆగకముందే ఇంకొకడి చేయి అందుకుంటోంది. ఒంటిగంటకల్లా ఏడు క్యూబులూ పరుచుకుని అద్దంలా ఉన్నాయి. నా డ్రమ్ము ఖాళీ. నేను చీటీ పట్టుకుని మేస్త్రి దగ్గరికి వెళ్ళి, పంచదార సంగతి చెప్పాను. ఎంత అని అడిగితే అదీ చెప్పాను. అయిదు కిలోలు.

ఆయన స్లాబు వైపు చూసి, నా వైపు తిరిగాడు. "పాయసం వండావా?"

"చెయ్యి జారింది మేస్త్రిగారూ. మీరు ఒప్పుకున్నట్టు రాసివ్వకపోతే నా లారీ పోతుంది. శుక్రవారం ఎనిమిదింటిదాకా గడువు."

"గట్టిపడితే చూద్దాం. పంచదార పాకానికి నా పేరు పెట్టలేను."

"శుక్రవారంలోగా పడుతుందా?"

"సిమెంటుకి శుక్రవారం తెలీదమ్మా," అని టోపీ తీసి, సిలువకు దండం పెట్టి, చల్లారిన మాంసం దగ్గరికి వెళ్ళిపోయాడు.

ప్లాంటుకు వెళ్ళి చీటీ మేస్త్రి దగ్గరుందని అబద్ధం చెప్పాను. గౌదెన్సియో లారీ చుట్టూ ఒక రౌండు తిరిగాడు. నిచ్చెన దగ్గర ఆగి వంగి చూశాడు.

"ఎల్విరా, నలభై ఏడుకి చీమలు పట్టాయేం?"

ఆయన ఎంతో తృప్తిగా, "శుక్రవారం ఎనిమిదింటికి చీటీ నా బల్ల మీదుండాలి. సరైన చీటీ," అన్నాడు.

బుధవారం డ్యూటీ దిగి కొండ మీదికి వెళ్ళాను. బొటనవేలితో నొక్కితే వేలు దిగింది. తొమ్మిది మందీ టెంటు కిందే ఉన్నారు, తింటున్నారు. స్లాబు గట్టిపడేదాకా స్లాబు పని పూర్తయినట్టు కాదనీ, పని పూర్తయ్యేదాకా విందు ఆపకూడదనీ మేస్త్రి తీర్పు చెప్పాడట. మిగిలిన పంది అయిపోయింది, కోళ్ళు మొదలయ్యాయి. దోన్ అబుందియో గంటకోసారి కప్పు మీదికి పాక్కుంటూ వచ్చి, స్లాబును ముట్టుకుని, నిట్టూర్చి వెళ్తున్నాడు. దోన్యా సోలెదాద్ ఎప్పుడూ లేనంత హుషారుగా మోలె పులుసు కలుపుతోంది.

గురువారం సాయంత్రానికి అంచులు బిగిశాయి, మధ్యలో ఇంకా బెల్లం పాకమే. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

నాకు దుఃఖం ఆగలేదు. "మీకేం, కూర్చుని తింటారు. నా బతుకు ఆ పలకల మీద ఆరుతోంది. ఒక్క ముక్క రాసిస్తే మీ సొమ్మేం పోతుంది?" అని అరిచాను. పెద్దవాడని కూడా చూడలేదు. ఎవరూ నవ్వలేదు. మేస్త్రి నా వైపు చూడకుండా, "రేపు ఆరింటికి రా," అన్నాడు.

శుక్రవారం ఆరింటికి నేను వెళ్ళేసరికి ఆయన స్లాబు మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. మేకు ఆనించి సుత్తితో ఒకటి కొట్టాడు. మేకు వంగింది. స్లాబు మీద గీత కూడా పడలేదు. ఇంకో మూడు చోట్ల కొట్టాడు, మూడు మేకులూ వంగాయి. టెంటు కింద దోన్ అబుందియో మోకరిల్లి దేవుడికి దండం పెట్టుకున్నాడు. అప్పటికి పదకొండు కోళ్ళు పోయాయి పాపం.

"ఇలా తే చీటీ," అన్నాడు మేస్త్రి.

చీటీ, పెన్నూ ఇచ్చాను. ఆయన ఇసుక కుప్ప పక్కన పలక మీద కాగితం పరిచి కూర్చున్నాడు. కానూతో ఎదురుగా గొంతుకూర్చుని మేకుతో ఇసుకలో ఏవో గీతలు గీస్తూ ఉన్నాడు. మేస్త్రి ఇసుక వైపు చూడటం, ఒక అక్షరం వెయ్యడం, మళ్ళీ చూడటం, మళ్ళీ ఒక అక్షరం. ఆరుంబావు అయింది. ఆరున్నర అయింది. ఏడయింది. ప్లాంటు అక్కణ్ణించి ముప్పావుగంట దారి. నాకు అరికాళ్ళలో మంటలు.

"మేస్త్రిగారూ, అది సంతకం, పెళ్ళిపత్రిక కాదు. కాస్త తొందరగా కానివ్వండి."

కానూతో తలెత్తి నన్ను చాలా కోపంగా చూశాడు. మేస్త్రి చూడలేదు. ఇంకో రెండు అక్షరాలు వేసి, కాగితాన్ని ఊది, మడిచి నాకిచ్చాడు. నేను థాంక్సు చెప్పానో లేదో కూడా గుర్తులేదు, పరిగెత్తాను.

ఎనిమిదికి రెండు నిమిషాలుందనగా ప్లాంటులో అడుగుపెట్టాను. బావమరిది అప్పటికే నలభై ఏడులో కూర్చుని, సీటు తన పొట్టకు సరిపడా వెనక్కి జరుపుకుంటున్నాడు. నేను చీటీని గౌదెన్సియో బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని విప్పాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. అప్పుడు కాగితం నా వైపు తిప్పాడు.

అక్షరాలు ఒక్కోటి వేలెడంత ఉన్నాయి, రెండు తలకిందులుగా ఉన్నాయి. "పంచదార సంగతి తెలుసు. కాంక్రీటు నా చేత్తో పోశాను. స్లాబు నాది. ఫిదెన్సియో."

"ఇది ఎవరు రాశారు?" అన్నాడు గౌదెన్సియో.

"మేస్త్రి రాశారు. నా కళ్ళముందే."

ఆయన లేచి బీరువా తీసి, పాత చీటీల కట్ట ఒకటి తెచ్చి బల్ల మీద విప్పాడు. ఒక్కొక్కటే తిప్పి చూపించాడు. మేస్త్రి ఫిదెన్సియో, ఇరవై రెండేళ్ళ చీటీలు. అన్నింటి మీదా నీలం సిరా వేలిముద్ర.

"ఆయనకి చదువు రాదు ఎల్విరా," అన్నాడు గౌదెన్సియో. "నా బల్ల ముందు కూడా ఎన్నోసార్లు వేలే ముంచాడు." కిటికీ దగ్గరికి వెళ్ళి, ఎప్పుడూ లేనంత చిన్నగా, "దిగరా, బండి దిగు," అని బావమరిదిని పిలిచాడు.

తాళం నా చేతిలోకి వచ్చింది. పర్మనెంటు కాగితం మీద సంతకం ఎక్కడ పెట్టాలో ఆయన వేలితో చూపించాడు. గిలికి పారేశాను, ఒక్క క్షణం పట్టలేదు. తర్వాత నలభై ఏడులో ఎక్కి, తలుపేసుకుని, వెక్కి వెక్కి ఏడ్చాను. గంటసేపు ఆ పెద్దాయన ఇసుకలో చూసి నా కోసం అక్షరాలు దించుకుంటుంటే, నేను తొందరపెట్టాను.